మొదటి వాఫిల్ పక్షులది

ఆ ఆదివారం పొద్దున్న ఆరింటికి లేచి నేను చేసిన మొదటి పని, వంటింటి పైకప్పుకి బిగించిన పొగ అలారం ఊడదీయడం.

అది నాకు అలవాటు. మా అమ్మమ్మ నార్వే నుంచి తెచ్చుకున్న వాఫిల్ అట్ల పెనం నా దగ్గరుంది. రెండు ఇనుప రేకులు, వాటిని కలిపే కీలు, లోపల ఐదు హృదయాకారాల అచ్చు. గ్యాస్ మంట మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ కాల్చాలి. సందుల్లో ఎన్నేళ్లుగానో ఇంకిన వెన్న వేడికి పొగలు కక్కుతుంది. ఆ పొగకి అలారం చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. అందుకని వాఫిళ్లు చేసే రోజు స్టూలెక్కి దాన్ని ఊడదీసి, బ్యాటరీ తీసి, సొరుగులో యాలకుల డబ్బా పక్కన పడేస్తాను. మళ్లీ గుర్తొచ్చినప్పుడు పెడతాను. ఒక్కోసారి గుర్తొచ్చేసరికి బుధవారం అవుతుంది. అది పొగకే కాదు, కింద నేలమాళిగలో ఉండి ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ హీటర్ నుంచి విషపు గాలి ఇంట్లోకి వచ్చినా అరుస్తుందని దాని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుంది. నేను చదివాను కూడా. తెలియక చేసిన పని అని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఆ రోజు మరీ జాగ్రత్తగా తీశాను. పాప వస్తోంది, ఆ అరుపుకి ఉలిక్కిపడి ఏడిస్తే నా పని గోవిందా.

పాప పేరు సిగ్నె. ఐదో నెల. మా అమ్మాయి బ్రిట్టా కూతురు. వాళ్లాయన లారీ వేసుకుని వారంలో ఐదు రోజులు రోడ్ల మీదే ఉంటాడు. బ్రిట్టా కొత్త సంవత్సరం రాగానే టౌన్లో లైబ్రరీ ఉద్యోగంలో మళ్లీ చేరాలి. పగలంతా పాపని ఎవరు చూసుకోవాలి? లైబ్రరీ వెనక వీధిలో ఒక డేకేర్ ఉంది, అందులో ఒక్క చోటు ఖాళీ అయింది, సోమవారం కల్లా ఏ సంగతీ చెప్పమన్నారు. లేదంటే నేనున్నాను. స్కూలు వంటింట్లో ముప్పై ఒక్క ఏళ్లు రోజుకి మూడొందల మంది పిల్లలకి వండిపెట్టి, మొన్న జూన్‌లోనే రిటైర్ అయ్యాను. అంతమందిని మేపినదాన్ని, గుప్పెడంత పిల్లని చూసుకోలేనా?

అదే మాట ఫోన్లో అడిగాను. బ్రిట్టా మెల్లిగా అంది: "మేపడం గురించి కాదమ్మా. దానికి ఏదైనా అయితే నీకు తెలుస్తుందా అని."

ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. బ్రిట్టా తొమ్మిదేళ్లప్పుడు గడ్డకట్టిన చెరువు మీద స్కేటింగ్ చేస్తూ పడింది. ఎడమ చెయ్యి నేలకి ఆనించి పడింది. "ఏం కాలేదు, లే" అన్నాను. రెండు రోజులు అదే పాట పాడాను. మూడో రోజు స్కూల్లో టీచరు చూసి ఆస్పత్రికి తీసుకెళ్తే మణికట్టు విరిగిందన్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ కాస్త పక్కకి తిరిగి ఉంటుంది. ఆ ఊసు వచ్చినప్పుడల్లా "నువ్వు ఏడవలేదు కదా, ఎవరికి తెలుస్తుంది?" అని నోరు మూయిస్తూ వచ్చాను. తప్పు నాదని పాతికేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.

"ఆదివారం వాఫిళ్లకి రా. నీ కళ్లతో నువ్వే చూసి తేల్చుకో" అని ఫోన్ పెట్టేశాను. అంటే ఆ పొద్దుటి ఫలహారం నాకు పరీక్షే. గెలిస్తే వారానికి ఐదు రోజులు పాప నా ఒళ్లో ఉంటుంది.

శనివారం రాత్రంతా మంచు కురిసింది. తెల్లారేసరికి మోకాలి లోతు. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. హీటర్ ఆగకుండా మండుతోంది. నేను రోట్లో యాలకులు దంచాను. నాలుగు లవంగాలు, దాల్చినచెక్క ముక్క కూడా వేసి మెత్తగా నూరాను. శొంఠి పొడి కలిపి, పైన జాజికాయ గీకాను. యాలకులు పొడి రూపంలో కొనేవాళ్లని మా అమ్మమ్మ మనుషుల లెక్కలోకి తీసుకునేది కాదు, నేనూ అంతే. పిండిలో పుల్లటి మీగడ, కరిగిన వెన్న వేసి, గుడ్ల తెల్లసొన విడిగా నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి చివర్లో కలిపాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

నా మొగుడు వెర్లిన్ టోపీ చెవుల మీదికి లాక్కుని మంచు కొట్టే మిషను తియ్యడానికి బయల్దేరాడు. ఆ మిషను ముందున్న మంచుని మింగి పక్కకి ఎగజిమ్ముతుంది. ఏ పక్కకి అన్నదే ఎప్పుడూ మా ఇద్దరి మధ్య తగువు.

"ఎటు కొట్టమంటావ్ ఆర్డిస్?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఉత్తరం గోడ వైపు కొట్టు. దక్షిణం పక్క బ్రిట్టా కారు పెట్టుకోవద్దూ? చంటిపిల్లని ఎత్తుకుని మంచులో ఈదుకుంటూ వస్తుందా?"

"ఉత్తరం గోడకి హీటర్ పొగ పోయే గొట్టం ఉంది కదే."

"తర్వాత పారతో తీసెయ్."

"నీ 'తర్వాత' ఎప్పుడొస్తుందో దేవుడిక్కూడా తెలీదు."

"ఎనిమిది దాటింది వెర్లిన్. నీ జోకులకి మంచు కరగదు, వెళ్లు."

వెళ్లాడు. అరగంటలో వాకిలి శుభ్రం చేసి లోపలికొచ్చాడు. ఒక బూటు ఇంకా కాలికుండగానే, "గొట్టం దగ్గర కొంచెం తియ్యాలి, కాఫీ తాగి వెళ్తా" అన్నాడు. నేను పాప కోసం అటక మీంచి దింపిన పాత కుర్చీ చూపించి, "ముందు దీని కాలు బిగించు, ఊగుతోంది" అన్నాను. కూర్చుని బిగించాడు. అది అయ్యేసరికి వాకిట్లో కారు చప్పుడైంది. ఇంక పార ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఇంకొకటి చెప్పాలి. మా వంటింటి కిటికీ ఉత్తరానికి ఉంటుంది. చలి ముదిరిన రోజుల్లో ఆ గొట్టంలోంచి వచ్చే తెల్లటి ఆవిరి కిటికీకి అడ్డంగా లేచి బయట ఏమీ కనిపించనివ్వదు. ఆ రోజు మాత్రం చెట్ల కొమ్మల మీద మంచు దాకా అంతా స్పష్టంగా కనిపించింది. పాపకి ఉడతల్ని చూపించొచ్చని సంబరపడ్డాను కూడా.

బ్రిట్టా పాపని బుట్టలో పెట్టుకుని వచ్చింది. బుట్ట మీద రెండు దుప్పట్లు. తీసి చూస్తే లోపల సిగ్నె కళ్లు ఇంతింత చేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"కాఫీ తాగుతావా?" అన్నాను.

"వద్దులే అమ్మా."

"వేడిగా ఉంది."

"నీకెందుకు శ్రమ."

"కలిపేశాను."

"సరే, అరకప్పు."

మా వైపు అంతే. ఏదైనా రెండుసార్లు వద్దని, మూడోసారి ఒప్పుకోవాలి. మొదటిసారే ఊ అంటే ఆబగా ఎగబడ్డారనుకుంటారు. అలాగే ఎలా ఉన్నావంటే పర్వాలేదు అనాలి. ఒక కాలు పోయినవాణ్ని అడిగినా ఇంకోటి ఉందిగా అంటాడు. ఒంట్లో బాగాలేదని చెప్పుకోవడం మాకు సిగ్గు. ఇందులో ముందు నన్ను నేనే అనుకోవాలి.

పెనం వేడెక్కింది. మొదటి వాఫిల్ ఎప్పుడూ అంటుకుని ముక్కలవుతుంది. దాన్ని మా అమ్మమ్మ కాలం నుంచి బయట మెట్ల కమ్మీ మీద పక్షులకి పెడతాం. పెట్టాకే మనుషులు తినాలి. ఆ రోజు ముక్కల్ని పళ్లెంలో తీసి పక్కన పెట్టాను. బ్రిట్టా ముందు ఒక్క క్షణం కూడా పాపని వదిలి బయటికి పోకూడదని పంతం. పక్షులు కాసేపు ఆగుతాయిలే అనుకున్నాను.

"స్కూల్లో పిల్లల్ని పిలిచినట్టు విజిలేసి తినిపిస్తావా దీనికి?" అంది బ్రిట్టా.

"విజిల్ నీ నాన్నకి. ఇది బుద్ధిమంతురాలు."

"నేను విజిల్ లేకుండానే వస్తా" అన్నాడు వెర్లిన్ పళ్లెం ముందుకి జరుపుతూ. పుల్లటి లింగన్‌బెర్రీ పళ్ల జామ్ చెంచాడు పూసుకుని మొదటిది నోట్లో పెట్టుకున్నాడు.

మాట తేలిగ్గానే సాగింది. కానీ బ్రిట్టా చూపు నా చేతుల మీదే ఉంది. స్టవ్ దగ్గర నా భుజం మీదున్న పాపని ఎటు తిప్పుకుంటున్నానో, తల కింద చెయ్యి పెట్టానో లేదో, అన్నీ చూస్తోంది. మెడ వెనక నరాలు బిగుసుకున్నాయి. తొమ్మిదిన్నర ప్రాంతంలో కళ్ల వెనక నొప్పి మొదలైంది. దీని చూపులకే వచ్చిన నొప్పి అనుకున్నాను. నోరెత్తలేదు.

"డేకేర్ వాళ్లు మంచివాళ్లే. నలుగురు పిల్లలకి ఒక మనిషి" అంది బ్రిట్టా.

"నలుగురికి ఒకరు. ఇక్కడ ఒక పిల్లకి ఇద్దరం."

"వాళ్లు ప్రతి గంటకీ ఏం జరిగిందో రాసి పంపిస్తారు. ఎన్ని పాలు తాగింది, ఎంతసేపు పడుకుంది, ఎందుకేడ్చింది."

"పిల్లని పెంచుతారా, పుస్తకం రాస్తారా?"

బ్రిట్టా నవ్వలేదు. నుదురు రుద్దుకుంది. సగం వాఫిల్ పళ్లెంలో వదిలేసి లవంగం కొంచెం ఎక్కువైందేమో అంది. నాకు చురుక్కుమంది. నా వాఫిళ్లలో లవంగం ఎక్కువైందన్నవాళ్లు ఇంతవరకు పుట్టలేదు.

సిగ్నె నా భుజం మీద మెల్లిగా బరువెక్కింది. తొంగి చూస్తే కళ్లు మూతపడుతున్నాయి. "ఇది కొత్తచోట నిద్రపోదమ్మా, కారులో కూడా పోదు" అని గుమ్మంలోనే చెప్పింది బ్రిట్టా. ఇప్పుడు చూడు! నా గుండె పొంగిపోయింది. లేచి, నేలలో వేడిగాలి వచ్చే జాలీ పక్కన బుట్ట పెట్టి, పాపని అందులో పడుకోబెట్టాను. ఇంట్లో అన్నిటికంటే వెచ్చటి చోటు అది.

"చూశావా?" అన్నాను గుసగుసగా. "ఎవరి ఒళ్లో నిద్రపోయింది?"

బ్రిట్టా చాలాసేపు పాపనే చూసింది. "నిజమే. ఆశ్చర్యంగా ఉంది" అంది. గొంతు మెత్తబడింది. "సరే అమ్మా. జనవరిలో ఒక నెల చూద్దాం."

గెలిచాను. గట్టిగా అరవాలనిపించింది. దానికి బదులు, "ఇంకో వాఫిల్ వేసుకో" అన్నాను. వెర్లిన్ వైపు చూస్తే మూడోది తినకుండా కూర్చున్నాడు. నలభై ఒక్క ఏళ్లలో ఆ మనిషి పళ్లెంలో వాఫిల్ మిగలడం నేను చూడలేదు. "ఏంటి, పెళ్లికూతురిలా సిగ్గుపడుతున్నావ్?" అంటే "పర్వాలేదు, కడుపు నిండింది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాయి పక్షులు. ఇప్పుడింక భయం లేదు కదా, పరీక్ష పాసయ్యాను. ముక్కల పళ్లెం తీసుకుని, కోటు తగిలించుకుని, వెనక తలుపు తీసుకుని బయటికెళ్లాను. లేచినప్పుడు కాళ్లు తేలిపోయినట్టయింది. వయసు అనుకున్నాను.

బయట చలి ముఖం మీద కొట్టింది. కమ్మీ మీద ముక్కలు పెట్టి, చేతులు చంకల్లో దోపుకుని నిలబడ్డాను. బూడిదరంగు పక్షులు రెండు వచ్చి వాలాయి. గట్టిగా నాలుగుసార్లు ఊపిరి పీల్చాను. కళ్ల వెనక నొప్పి కాస్త సడలింది. హాయిగా ఉందనుకుంటూ ఉత్తరం గోడ వైపు చూశాను.

గోడకి ఆనుకుని కిటికీ అంచు దాకా మంచు గుట్ట. గొట్టం లేదు. ఆవిరి లేదు. ఇరవై డిగ్రీల చలిలో, హీటర్ ఆగకుండా మండుతున్న ఇంట్లోంచి ఒక్క పోగు ఆవిరి కూడా బయటికి రావడం లేదు. అయితే అదంతా ఎటు పోతోంది?

సొరుగులో యాలకుల డబ్బా పక్కనున్న అలారం కళ్ల ముందు కనిపించింది. పాప నిద్ర కనిపించింది. నేను గర్వపడిన నిద్ర.

తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాను. "బయటికి! అందరూ బయటికి! హీటర్ గొట్టం మూసుకుపోయింది!" నా గొంతు నాకే కొత్తగా ఉంది. వెర్లిన్ బల్ల పట్టుకుని లేవబోయి మోకాళ్ల మీద కూలబడ్డాడు. బ్రిట్టా లేచి, నేను చెప్పేది అర్థం కానట్టు నిలబడింది. నేను బుట్టలోంచి పాపని లాగాను. తల వెనక్కి వాలిపోయింది. చేతులు వేలాడాయి.

"అమ్మా, అది లేవడం లేదేంటి?"

"నాన్నని పట్టుకో! పద!"

పాపని కోటు లోపలికి దోపుకుని కారు వైపు పరిగెత్తాను. బ్రిట్టా వాళ్ల నాన్నని భుజాల మీది ప్యాంటు పట్టీలు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చింది. మెట్ల మీంచి ఇద్దరూ మంచులో పడ్డారు. లేచి, పడుతూ లేస్తూ కారు దగ్గరికొచ్చారు. బ్రిట్టా అంబులెన్సుకి ఫోన్ చేసింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది.

నేను కారు తలుపు తెరిచిపెట్టి వెనక సీట్లో కూర్చున్నాను. పాప అరికాళ్లు రుద్దాను. "సిగ్నె! సిగ్నె, తల్లీ!" ముక్కు దగ్గర చెంప పెట్టాను. ఊపిరి ఉంది, సన్నగా ఉంది. వీపు రుద్దాను. అరికాలు గిల్లాను. ఏడవలేదు. పిల్లలు ఏడిస్తే విసుక్కున్నదాన్ని, ఏడవకుండా ఉంటే మెచ్చుకున్నదాన్ని జీవితమంతా. ఆ నిమిషంలో ఆ పిల్ల ఏడుపు కోసం నా ప్రాణం ఇచ్చేసేదాన్ని. బ్రిట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చుని పాప పాదం నోటికి ఆనించుకుంది. ఎంతసేపో తెలియదు.

ముందు చిన్న మూలుగు వచ్చింది. ముఖం ముడతలు పడింది. నోరు తెరిచి, నా కోటు నిండా కక్కి, గుక్కపెట్టి ఏడ్చింది. బ్రిట్టా నా చేతుల్లోంచి పాపని లాక్కుంది. లాక్కోవాలి కూడా.

ఊళ్లోని ఫైర్ వాలంటీర్లు అంబులెన్సుతో వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. వాళ్లకి పెద్ద కర్టిస్. స్కూల్లో నా చేతి కూడు తిన్నవాడే, రోజూ రెండోసారి పళ్లెం చాపేవాడు. ముఖానికి మాస్కు వేసుకుని, చేతిలో మీటరు పట్టుకుని లోపలికెళ్లాడు. హీటర్ ఆపి, తలుపులు బార్లా తీసి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"ఇంకో అరగంట ఉంటే ఎవరూ నడిచి బయటికొచ్చేవాళ్లు కాదు ఆర్డిస్ గారూ" అన్నాడు మాస్కు తీసి. "ఇంత విషపు గాలి నిండితే అలారం మోగలేదా?"

బ్రిట్టా పాప ముఖానికి ఆక్సిజన్ గొట్టం పట్టుకుని ఉంది. అంబులెన్సులో పడుకున్న వెర్లిన్ తన మాస్కు పక్కకి లాగాడు.

"పాతదయ్యా అది. బ్యాటరీ అయిపోయుంటుంది. మారుస్తా మారుస్తా అని నేనే మార్చలేదు. మంచు కొట్టింది కూడా నేనే."

నా వైపు చూడకుండా అన్నాడు. అలారం ఎక్కడుందో ఆయనకి తెలుసు. ఎందుకలా అన్నాడో కూడా నాకు తెలుసు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, ముసలాడి మతిమరుపు కింద పోతుంది. జనవరి నెల నాకు మిగులుతుంది. పాప నా ఒళ్లోనే ఉంటుంది.

బ్రిట్టా నన్నే చూస్తోంది. ఆక్సిజన్ గొట్టం పట్టుకున్నది ఆ ఎడమ చెయ్యే, పక్కకి తిరిగిన చెయ్యి.

"అబద్ధం కర్టిస్" అన్నాను. "బ్యాటరీ కొత్తదే. నేనే తీసేశాను. వాఫిళ్ల పొగకి అరుస్తుందని. మసాలాల సొరుగులో యాలకుల డబ్బా పక్కన ఉంది, వెళ్లి చూసుకో. మంచు అటు కొట్టమంది నేనే. తీస్తానంటే ఆపిందీ నేనే."

కర్టిస్ తల దించుకుని రాసుకున్నాడు. బ్రిట్టా ముఖం తిప్పేసుకుంది.

ఆస్పత్రిలో నలుగురినీ ఒకే గదిలో ఉంచారు. పాపకి బొమ్మకి సరిపోయేంత మాస్కు పెట్టారు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ వచ్చి, పాప రక్తం శుభ్రపడుతోంది, గండం గడిచింది, రేపటిదాకా మాత్రం ఉండాలని చెప్పి వెళ్లింది. ఆవిడ వెళ్లాక బ్రిట్టా అడిగింది.

"పొద్దున్న నీకు తలనొప్పి వచ్చిందా?"

పర్వాలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "వచ్చింది. తొమ్మిదిన్నరకి."

"నాకూ అప్పుడే. కడుపులో తిప్పింది కూడా."

"నాకు తొమ్మిదింపావుకే" అన్నాడు వెర్లిన్ మాస్కులోంచి.

ముగ్గురం ఒకే బల్ల ముందు కూర్చుని, ఒకే నొప్పిని ముగ్గురం దాచుకుని, జామ్ అందించుకున్నాం. ఒక్కరు నోరు తెరిచి ఉంటే రెండోవాళ్లు నాకూ అంతే అని ఉండేవారు.

"నువ్వెందుకు చెప్పలేదు బ్రిట్టా?" అన్నాను.

"నీ దగ్గర నొప్పి అని చెప్పడం తొమ్మిదేళ్లప్పుడే మానేశానమ్మా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. పక్క మంచం మీద పాప నిద్రపోతోంది, ఈసారి మామూలు నిద్ర. దాని వైపు చూస్తూ చెప్పాను.

"ఆ రోజు నీ చెయ్యి వాచింది. నేను చూశాను. కనబడలేదని ఇన్నేళ్లూ చెప్పాను గానీ, కనబడింది. ఇంట్లో చర్చి ఆడవాళ్లు కాఫీకి వచ్చున్నారు. పిల్లని పట్టుకుని హడావుడి చేస్తోందనుకుంటారని సిగ్గేసింది. మర్నాడు ఇంకా వాచింది. అప్పుడు తీసుకెళ్తే నిన్న ఎందుకు తేలేదని అడుగుతారని భయమేసింది. తప్పు నాది. ఇప్పుడు తల పగిలిపోతోంది. అది కూడా చెప్తున్నాను."

బ్రిట్టా దగ్గరికి వచ్చి కౌగిలించుకోలేదు. లేచి నర్సుని పిలిచి, "మా అమ్మకి తలనొప్పి ఎక్కువగా ఉందట, చూడండి" అంది. తిరిగొచ్చి కూర్చుని, "రేపు డేకేర్ వాళ్లకి సరే అని చెప్తున్నాను" అంది.

"మంచిపని" అన్నాను. ఇదివరకైతే అక్కడితో ఆపేదాన్నే. "కానీ నాకు చాలా బాధగా ఉంది" అని కూడా అన్నాను.

"నాకు తెలుసు" అంది.

జనవరి గడిచింది. వెర్లిన్ గొట్టానికి పైన రేకు గొడుగు బిగించాడు. కొత్త అలారాలు మూడు కొన్నాం, ఒకటి నేలమాళిగలో, ఒకటి పడగ్గదిలో, ఒకటి వంటింట్లో. ఫిబ్రవరి మొదటి సోమవారం డేకేర్లో చాలామంది పిల్లలకి వాంతులు పట్టుకుని మర్నాటికి మూసేశారు. ఆ సాయంత్రం బ్రిట్టా ఫోన్ చేసి, "రేపు ఒక్కరోజు చూస్తావా?" అంది.

మంగళవారం పాప కుర్చీలో కూర్చుని చెంచాతో బల్ల మీద బాదుతోంది. నేను అమ్మమ్మ పెనం వేడి చేశాను. మొదటి వాఫిల్ అంటుకుంది, పొగ లేచింది, అలారం ఇల్లెగిరిపోయేలా అరిచింది. పాప ఒక్క క్షణం నోరు తెరిచి, ఆ తర్వాత దాన్ని మించి అరిచింది. స్టవ్ ఆపి పాపని ఎత్తుకున్నాను. కిటికీలన్నీ తెరిచాను. పాపకి దుప్పటి చుట్టి బయటికెళ్లి గొట్టం చూశాను. ఆవిరి తెల్లగా, దండిగా వస్తోంది. లోపలికొచ్చి, అలారం ఇంకా అరుస్తుండగానే బ్రిట్టాకి ఫోన్ చేశాను.

"ఏమైందమ్మా? ఆ చప్పుడేంటి?"

"అలారం. వాఫిల్ పొగ, అంతే. గొట్టం చూసొచ్చాను, బాగానే ఉంది. కిటికీలు తెరిచాను. పాపకి ఏం కాలేదు, భయపడి ఏడుస్తోంది. నాకూ భయమేసింది. చేతులింకా వణుకుతున్నాయి."

అవతల లైబ్రరీలో ఎవరో దగ్గారు.

"శుక్రవారాలు నాకు పని సగం పూటే" అంది బ్రిట్టా. "డేకేర్‌కి బదులు నీ దగ్గర వదలనా?"

మా వైపు మర్యాద ప్రకారం నేను రెండుసార్లు వద్దనాలి.

"వదులు" అన్నాను.